కంట్లో రెండు చెక్కలు

మీరు చేసే ఉద్యోగం మీకు నచ్చడం లేదా? పొద్దున్నే ఆఫీసు గుమ్మం కనబడగానే కాళ్ళు వెనక్కి లాగుతున్నాయా? శుభం! మీ అంత అదృష్టవంతులు ఈ కాలంలో లేరు.

ఎందుకంటారా? ఉద్యోగం నచ్చనివాడికే 'ప్యాషన్' వెతుక్కునే యోగం పడుతుంది. నచ్చినవాడి బతుకులో ఏముంది? వెళ్తాడు, పని చేస్తాడు, ఇంటికొచ్చి తిని పడుకుంటాడు. తనలో ఏ మహాకళాకారుడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడో తెలియకుండానే రిటైరైపోతాడు, పాపం.

ప్యాషన్ వల్ల లోకానికి జరుగుతున్న మేలు ఇంతా అంతా కాదు. మా వీధి చివరి బార్బర్‌కి ఈమధ్య ఫోటోగ్రఫీ దొరికింది. మొన్న నా తల కుడివైపు కత్తిరించాక, చెవి మీద పడిన వెలుగు అద్భుతంగా ఉందంటూ కెమెరా తేవడానికి లోపలికి వెళ్ళాడు. ఆ వెలుగు పోయేదాకా ఫోటోలు తీసి, నీరసం వచ్చిందని షాపు కట్టేశాడు. ఎడమవైపు ఇంకా అలాగే ఉంది.

మా పళ్ళ డాక్టర్ సంగీతంలో పడ్డాడు. కుర్చీలో పడుకోబెట్టి, నోరు తెరిపించి, గొంతెత్తి పాడతాడు. నోరు తెరుచుకున్న శ్రోత "ఆ... ఆ..." అనక ఏమంటాడు? దాన్ని ఆయన మెచ్చుకోలు కింద జమ కట్టుకుని ఇంకో పాట ఎత్తుకుంటాడు.

మా ప్రెస్సు ఎలక్ట్రీషియన్ అందరినీ మించిపోయాడు. ఆరు నెలల క్రితం స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి, "వైర్లు కలపడం నా పని కాదు సార్, మనసుల్లో వెలుగు నింపడమే నా ప్యాషన్" అని చెప్పి వెళ్ళిపోయాడు. వెళ్ళిన మర్నాటి నుంచీ నా బల్ల మీది ట్యూబ్‌లైటు టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది.

నా బల్ల అంటే ఏమిటో చెప్పాలి కదా! మందు పెట్టెలో ఎనిమిది మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంటుందే, మీరు విప్పకుండానే పారేస్తారే, దాన్ని అచ్చువేసే ప్రెస్సులో నేను ప్రూఫ్ రీడర్ని. ఆ కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మానవుణ్ణి బహుశా నేనొక్కణ్ణే. పద్నాలుగేళ్ళుగా చదువుతున్నాను. మొదట్లో, నిజం చెప్పొద్దూ, ఇష్టంగానే ఉండేది. 'పిల్లలకు అందకుండా ఉంచండి' అన్నది 'పిల్లలకు అందంగా ఉంచండి' అని పడితే పట్టుకున్న రోజు ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళాను.

ఎలక్ట్రీషియన్ వెళ్ళాక మాత్రం ఉద్యోగమంటే రోత పుట్టింది. పదకొండింటికల్లా తలనొప్పి. మధ్యాహ్నానికి అక్షరాలన్నీ చీమల్లా పాకేవి. లైటు బాగుచేయించమని మూడు అర్జీలు పెట్టాను. మూడింటికీ 'ఎలక్ట్రీషియన్ లేడు' అని జవాబొచ్చింది.

అలాంటి ఒకానొక మధ్యాహ్నం నా చేతుల మీదుగా ఒక కంటి మందు కాగితం పాసైపోయింది. 'కంట్లో రెండు చుక్కలు వేయాలి' అని ఉండాలి. 'కంట్లో రెండు చెక్కలు వేయాలి' అని అచ్చయింది. ప్యాకింగ్ సెక్షన్లో ఒకావిడ చూసి నవ్వబట్టి సరిపోయింది, లేకపోతే కట్టలన్నీ గేటు దాటేవే!

మేనేజర్ పిలిచాడు.

"ఏమయ్యా, చుక్కకీ చెక్కకీ తేడా తెలీదా నీకు?"

"లైటు కొట్టుకుంటోంది సార్, కొమ్ములు కనబడి చావట్లేదు."

"లోపం లైటులో లేదయ్యా, నీలో ఉంది. ప్యాషన్ లేదు నీకు. నువ్వొట్టి ట్యూబ్‌లైట్‌వి!"

నెల రోజులు గడువిచ్చాడు. ఈలోగా నా ప్యాషన్ ఏమిటో కనుక్కుని, ఒక ఫారంలో రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇంకో ప్రెస్సు చూసుకోవాలి. ఎంత దయగల మనిషో చూడండి! లైటు మార్చాలంటే ఒక నిచ్చెనా ఒక మనిషీ కావాలి. అదే నన్ను మార్చుకోమంటే ఒక్క కాగితంతో సరిపోతుంది.

ఇంట్లో సంగతి చెప్పాను. మా ఆవిడ మొహం పాలిపోయింది. మా అత్తగారికి మాత్రం ముందు ఆ మాట అర్థం కాలేదు.

"ప్యాషన్ అంటే ఏంటి అల్లుడుగారూ?"

"అదేనండీ, ఒకడికి బొమ్మల పిచ్చి, ఒకడికి పాటల పిచ్చి అంటాం చూడండీ..."

"అయ్యో రాత! మా రోజుల్లో పిచ్చి పడితే కుదిర్చేవాళ్ళు. ఇప్పుడు పట్టకపోతే ఉద్యోగం తీసేస్తారా?"

పిచ్చి కోసం గాలించాను. రంగులు కొని బొమ్మ వేశాను. మా ఆవిడ చాలాసేపు చూసి, "గుర్రం బాగానే ఉంది, కళ్ళజోడు ఎందుకు పెట్టారూ?" అంది. అది వాళ్ళమ్మ బొమ్మ. మట్టితో కుండ చేశాను, బూడిదగిన్నె అయింది. డోలు నేర్చుకుందామని తెచ్చాను, పక్కింటాయన ధ్యానంలో ప్యాషన్ వెతుక్కుంటున్నాడట, గోడ మీద కొట్టాడు. నెల కరిగిపోతోంది. ఫారం ఖాళీగానే ఉంది. నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజుల్లో అన్నం సయించలేదు. పద్నాలుగేళ్ళు చదవడం తప్ప ఏమీ చేతకానివాణ్ణి, ఎక్కడికి పోను?

ఇంక మూడు రోజుల గడువుందనగా మేనేజర్ ఆఖరి అవకాశంగా ప్యాషన్ నిపుణుడొకణ్ణి పిలిపించాడు. అందర్నీ నా గదిలోనే కూర్చోబెట్టారు. వచ్చినవాడికి కోటు, బూట్లు, మెడకో మైకు. చూద్దును కదా, మా ఎలక్ట్రీషియనే! కోటు వేశాడు కాబట్టి నేనూ 'మీరు'లోకి మారాను.

"ఫ్రెండ్స్! కళ్ళు మూసుకోండి. మీ మనసుకి నిజంగా ఏం కావాలో అదే కనబడుతుంది."

మూసుకున్నాను. కనబడింది.

"ఏం కనబడిందో చెప్పండి," అన్నాడు నన్ను చూసి.

"ట్యూబ్‌లైటండీ. కొట్టుకోనిది."

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. తలెత్తి పైకి చూశాడు. అప్పుడు అతని మొహంలో జరిగింది నేను చెప్పలేను గానీ, సంతలో తప్పిపోయిన పిల్లాడికి అమ్మ కనబడితే ఉంటుందే, అలా ఉంది.

"ఎన్నాళ్ళుగా ఇలా కొట్టుకుంటోంది సార్?"

"నువ్వెళ్ళిన మర్నాటి నుంచీనయ్యా."

కోటు విప్పి మేనేజర్ చేతికిచ్చాడు. మేనేజర్ దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. అతను స్విచ్ ఆపించి, బూట్లు విప్పి నా బల్ల ఎక్కాడు. "చోక్ కాదు, స్టార్టరే పోయింది," అని గొణుక్కుంటూ దాన్ని ఊడదీశాడు. కొత్తది లేదు కదా మరి? దిగి మేనేజర్ క్యాబిన్లోకి వెళ్ళి, అక్కడి స్టార్టర్ తెచ్చి నాకు బిగించాడు. నాది తీసుకెళ్ళి అక్కడ బిగించాడు. మైకు తీయడం మర్చిపోయాడేమో, అంతసేపూ అతను వేస్తున్న ఈల గదంతా వినబడింది.

స్విచ్ వేయగానే లైటు ఒక్కసారి కూడా వణకలేదు. నా బల్ల మీది కాగితంలో రెండో వరుసలో ఒక దీర్ఘం ఎక్కువైందని కుర్చీలోంచే కనబడింది. నేను ఎర్ర పెన్ను తీశాను.

"క్యాబిన్లోకి రేపు కొత్తది తెస్తాన్సార్," అన్నాడు అతను కోటు తొడుక్కుంటూ. ఇంకా రాలేదు. రోజుకో ఊళ్ళో మనసుల్లో వెలుగు నింపుతున్నాడట, తీరిక దొరకడం లేదు.

నా ఫారంలో 'ప్రూఫ్ రీడింగ్' అని రాసిచ్చాను. మేనేజర్ మురిసిపోయి సంతకం పెట్టాడు. ప్యాషన్ మహిమ అంటే అది!

ఇది జరిగి మూడు వారాలైంది. నిన్న మేనేజర్ నా బల్ల దగ్గరికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏంటోనయ్యా, ఈమధ్య ఉద్యోగమంటేనే విసుగ్గా ఉంటోంది. పదకొండయ్యేసరికి తలనొప్పి. ఏ కాగితం చూసినా అక్షరాలు పాకుతున్నాయి. ఎందుకంటావ్?"

నాకు నిజంగానే జాలేసింది. ఎర్ర పెన్ను పక్కన పెట్టి, డ్రాయర్లోంచి ఒక ఖాళీ ఫారం తీసి ఆయన చేతిలో పెట్టాను.

"లోపం మీలోనే ఉంది సార్," అన్నాను.