బుట్టలో కీచురాయి

ఒక పెద్ద అడవిలో బుట్టలు మాయమవడం మొదలైంది.

అడవి పెద్దది కాబట్టి ప్రతి చిన్న పనికీ ఓ సంఘం ఉండేది. బుట్టల సంఘానికి కార్యదర్శిని నేను, ఒక అడవికోడిని. తెల్లారకముందే లేస్తానని నాకా పదవి ఇచ్చారు. లేచాక ఏం చేస్తానని ఎవరూ అడగలేదు.

ఆ వేసవిలో ఏటి అవతలి కొండ కార్చిచ్చుకు కాలిపోయింది. అక్కడి కొండముచ్చుల పిల్లలకు తినడానికి ఆకు కూడా మిగల్లేదు. వానలు పడి చెట్లు చిగిర్చేదాకా తునికి పండ్లు, ఇప్పపువ్వు బుట్టల్లో పంపుదామని తీర్మానించాం. దుప్పులు మోసుకెళ్లి ఏటి ఒడ్డున దించేవి. కొండముచ్చులు సరుకు తీసుకుని, ఖాళీ బుట్టలు మళ్లీ ఒడ్డుకు చేర్చాలి.

బుట్టలు వెళ్లాయి. రాలేదు. కొత్తవి అల్లిద్దామంటే ఆ ఏడే వెదురంతా పూత పూసి ఎండిపోయింది. బుట్ట లేకపోతే సరుకు వెళ్లదు. సరుకు వెళ్లకపోతే అక్కడి పిల్లలు పస్తే.

సంఘం సమావేశమైంది.

"అమ్మేసుకుంటున్నారు," అంది అడవిపంది. కొనేదెవరో చెప్పలేదు.

"ఒకసారి వెళ్లి అడిగితే పోలా?" అంది కుందేలు.

"అడిగితే చెబుతారా?" అన్నాడు అధ్యక్షుడు ఎలుగుబంటి.

అందరం తలలూపాం. అందరికంటే గట్టిగా నేనే ఊపాను. "సంఘం అన్నాక ఒక పద్ధతుండాలి" అని కూడా అన్నాను.

అప్పటికి పొరుగింటి నెమలమ్మ గిన్నె నా గూట్లో చాలా రోజులుగా ఉంది. వెదురు బియ్యం పోసి ఇచ్చింది. గిన్నె ఖాళీగా తిరిగిస్తే ఏం బాగుంటుంది? అందులో పెట్టడానికి మంచిదేదీ దొరకడం లేదు. అందుకని ఆవిడ ఎదురైతే పక్క పొదలోకి తప్పుకుంటున్నాను. అయినా అది ఇంటి విషయం, ఇది సంఘం విషయం. రెండూ కలపకూడదు.

నిపుణుడిగా గబ్బిలాన్ని పిలిపించాం. అది కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ మాట్లాడింది. మేం మెడలు వంచి విన్నాం. మెడ నొప్పి పుట్టేలా వింటే ఏ మాటైనా గొప్పగానే ఉంటుంది.

"ప్రతి బుట్ట అల్లికలోనూ ఒక కీచురాయిని దాచండి. అది అరుస్తుంది. దారి పొడవునా చెట్టుకొక కీచురాయి ఆ అరుపు అందుకుని పక్క చెట్టుకు చేరుస్తుంది. తీగ అక్కర్లేదు, తాడు అక్కర్లేదు. ఏ బుట్ట ఎక్కడుందో నేను కూర్చున్న చోటి నుంచే చెబుతాను."

"వేలాడిన చోటి నుంచి," అంది కుందేలు.

కీచురాళ్ల సంరక్షణ నాకు అప్పగించారు. కోడికి! మొదట్లో కొన్ని తగ్గాయి. రవాణాలో నష్టం అని చెప్పాను.

మిగిలిన బుట్టలు సరుకుతో ఏరు దాటాయి. గబ్బిలం కళ్లు మూసుకుని విని, "బుట్టలు కొండ మీద ఉన్నాయి!" అని ప్రకటించింది.

చప్పట్లు మోగాయి.

"మనం పంపింది అక్కడికే కదా?" అంది కుందేలు. దాన్ని కూర్చోమన్నాం.

"ఇంకా వినండి. అరుపు గొంతు నొక్కినట్టు వస్తోంది. అంటే కీచురాయి మీద సరుకుంది. బుట్టలు ఇంకా నిండుగానే ఉన్నాయి."

"దాచుకుంటున్నారన్నమాట!" అన్నాడు ఎలుగుబంటి.

"పిల్లల పేరు చెప్పి మరీ!" అంది పంది.

బుట్టలన్నీ తక్షణం తిరిగి రావాలి, లేదా సరుకు బంద్ అని చిలుకతో కబురంపాం. అందులో 'దొంగల్లారా' అన్న మాట నాది. బాగా కుదిరిందనుకున్నాను.

మర్నాడే బుట్టలన్నీ వచ్చాయి, కొండముచ్చుల నెత్తిమీద, నిండుగా. అందరికంటే ముందు ఒక ముసలి అవ్వ నడిచొచ్చింది.

"చూశారా, నిండుగా ఉన్నాయి!" అని గంతేసింది పంది.

నేను బుట్టలోకి తొంగి చూశాను. మేం పంపిన తునికి పండ్లే. కొన్నింటి మీద చిన్న చిన్న పంటి గాట్లు.

"అవ్వా, ఇవి మావే కదా?"

"మీవే కోడమ్మా. ఇంకేం పెట్టగలం? కొండ పచ్చగా ఉన్నప్పుడైతే ఉసిరికాయలు నింపి ఇచ్చేవాళ్లం. ఖాళీ బుట్ట పంపడానికి చేతులు రాక, కడిగి బండ మీద బోర్లించాం. వానలు పడ్డాక నింపి ఇద్దామనుకున్నాం. మీరేమో దొంగలన్నారు. పిల్లల నోటికాడివి తీసి నింపుకొచ్చాం."

బోర్లించిన బుట్టలోంచి అరుపు గొంతు నొక్కినట్టే వస్తుంది. పుట్టినప్పటి నుంచీ తలకిందులుగా ఉన్న నిపుణుడికి ఆ సంగతి తట్టలేదు. "అది సాంకేతిక అంశం," అంది గబ్బిలం.

"ఖాళీవే పంపండవ్వా, మేమేమీ అనుకోం," అన్నాను. నాకు గిన్నె గుర్తొస్తోంది.

"మీరు అనుకోరు తల్లీ. మేం అనుకుంటాం."

అప్పుడు బుట్ట అడుగు నుంచి కీచుమని అరుపొచ్చింది. అవ్వ ఉలిక్కిపడింది.

"ఇదేంటి? రాత్రుళ్లు బండ దగ్గర వినిపించే అరుపు ఈ బుట్టలోంచేనా?"

"కీచురాయి. బుట్టకొకటి పెట్టాం," అన్నాను, ఎందుకు పెట్టామో మింగేసి.

అవ్వ బుట్టకు చెవి ఆనించి విన్నది. ముడతలన్నీ విచ్చుకున్నాయి. "ముందే చెప్పొద్దూ! పాట పాడే ప్రాణి ఉన్న బుట్ట ఖాళీది ఎలా అవుతుందే!"

పండ్లు ఆ పూటే కొండకు తిరిగి వెళ్లాయి. ఆ తర్వాత ఒక్క బుట్ట కూడా ఆగలేదు. ప్రతిదీ కీచురాయితో సహా ఠంచనుగా వచ్చింది.

సంఘం సంబరం చేసుకుంది. "నిఘా పెట్టాకే కదా బుట్టలు దారికొచ్చాయి!" అని ఎలుగుబంటి ఉపన్యసించి గబ్బిలం మెడలో దండ వేశాడు. అది తలకిందుల మెడ కాబట్టి, దండ జారి కింద ఉన్న నా మీద పడింది. నేను తీయలేదు.

ఆ ఊపులోనే ఒక కీచురాయిని గిన్నెలో పెట్టి నెమలమ్మకు ఇచ్చొచ్చాను. ఆవిడ దాన్ని గుటుక్కున మింగి, "బాగుందే, ఎక్కడిది?" అంది. వద్దంటున్నా వినకుండా గిన్నె నిండా మళ్లీ వెదురు బియ్యం పోసి నా చేతిలో పెట్టింది.

గిన్నె ప్రస్తుతం నా గూట్లోనే ఉంది.

నీతి: నోరు తెరిచి అడిగితే విషయం తెలిసిపోయే ప్రమాదముంది, కాబట్టి ముందు ఒక సంఘం పెట్టుకోండి.