జీడిపప్పు డబ్బాలో తొలిమంచు

పొద్దున్నే కిటికీ తెరిచేసరికి శ్రీనగర్ మీద మంచు కురుస్తోంది. మఖ్సూద్ చలికి వేసుకునే పొడుగాటి ఫిరన్ తొడుక్కోవడం కూడా మరిచి వాకిట్లోకి పరుగెత్తాడు. గోవాలో కొట్టు పెట్టి, ఏళ్ల తరబడి చెమటలు కక్కుకుంటూ ఉన్ని శాలువలు అమ్మి, మొన్న వేసవిలోనే తిరిగొచ్చిన మనిషి. దోసిలితో మంచు ఎత్తి ముఖానికి రాసుకున్నాడు. నాలుక చాపి రాలే తునకలు పట్టుకున్నాడు. కాలు జారి పడ్డాడు, పడ్డచోటే హాయిగా కూర్చున్నాడు. యాభై దాటాయన్న సంగతి నడుముకు గుర్తొచ్చింది గాని ఆయనకు రాలేదు.

"లోపలికొస్తారా, చాయ్ అక్కడికే తెమ్మంటారా?" అంది భార్య రఫీఖా గుమ్మంలోంచి.

ఆయన మాత్రం వీధి చివర ఉన్న అక్క తాజా ఇంటివైపు చూస్తున్నాడు. కొట్టు వదిలి రాలేక ఆమె కూతురి పెళ్లి ఎగ్గొట్టాడు. ఆనాటి నుంచీ ఆమె మాట్లాడదు. ఎదురుపడితే గోడకేసి చూస్తుంది. అయితే తొలిమంచు రోజుకో ఆట ఉంది. ఆ మంచును ఏదో వస్తువని నమ్మించి ఎవరి చేతికైనా అందిస్తే, అందుకున్నవాళ్లు ఓడినట్టు, ఇచ్చినవాళ్లకు విందు పెట్టాలి. అక్క ఓడితే విందుకు పిలవక తప్పదు, పిలవాలంటే నోరు విప్పక తప్పదు. మఖ్సూద్‌కు కావలసింది అంతే.

తన చేత్తో ఇస్తే ఆమె తీసుకోదు. అందుకని ఖాళీ జీడిపప్పు డబ్బాలో మంచు కూరి రఫీఖాకు ఇచ్చాడు. "గోవా నుంచి మిత్రుడు పంపాడు. అక్కకివ్వు. చేతికే ఇవ్వాలి సుమా." అసలు సంగతి చెప్పలేదు, చెబితే ఆమెకు నవ్వు ఆగదు. డబ్బా చల్లగా ఉందన్న అనుమానం ఆమెకు రాలేదు. ఆ ఉదయం ఆ ఊళ్లో చల్లగా లేనివి పొయ్యిలు మాత్రమే.

రఫీఖా గుమ్మం దాటేసరికి పక్కింటి సమద్ కాకా, ఎవరూ అడక్కుండానే, వీళ్ల ఇంటి కప్పు మీద మంచు తోస్తున్నాడు. మొహం చూపని ఆడబిడ్డకు జీడిపప్పూ, ఈ పెద్దాయనకు ఉత్త దండమూనా అనుకుంది. కిందికి పిలిచి డబ్బా ఆయన చేతిలో పెట్టి వచ్చేసింది.

"ఇచ్చావా?" అన్నాడు మఖ్సూద్ ఆత్రంగా.

"ఇచ్చాను. ఎంత సంతోషించాడో."

"సంతోషించాడా? ఎవరు?"

సమాధానం విని ఆయన చెప్పులతోనే మంచులో పడి పరుగెత్తాడు.

సమద్ కాకా గుమ్మంలో పగలబడి నవ్వుతున్నాడు. "మీ ఆవిడ నన్ను భలే ఓడించిందిరా. విందు బరువు నేనొక్కణ్ణే ఎందుకు మొయ్యాలని, డబ్బా రొట్టెల గఫార్‌కి అంటగట్టాను."

రొట్టెల కొట్లో గఫార్ గడ్డం గోక్కున్నాడు. "నేనూ ఇంకొకరికి అంటగట్టాలి కదా. రొట్టెలతో పాటు మీ అక్కగారికి తీసుకెళ్లాను. ఆవిడ గట్టిది. రొట్టెలు అందుకుని, డబ్బా గట్టు మీద పెట్టమంది. పెట్టాక మూత తీసి, ఇది ఎవరు పంపారని అడిగింది. సమద్ కాకా ఇచ్చాడనీ, అది మీ ఇంటి డబ్బాయేననీ చెప్పేశాను."

మఖ్సూద్ ప్రాణం ఉసూరుమంది. తమ్ముడు వీధంతా కలుపుకుని తనను ఆట పట్టించాడనుకుంటుంది అక్క. ఇక గోడకేసి కూడా చూడదు. ఇంటికొచ్చి నిప్పుల కాంగ్రీ బుట్ట ఒళ్లో పెట్టుకుని దిగులుగా కూర్చున్నాడు. అంతగా మురిపించిన మంచు వైపు చూడబుద్ధి కూడా కాలేదు.

ఇంతలో తలుపు చప్పుడైంది. ఎదురుగా తాజా, భుజాల మీద మంచు, చేతిలో డబ్బా.

"ఒరేయ్, నీ డబ్బా వీధంతా తిరుగుతోంది. పట్టుకో."

ఇన్నేళ్ల తర్వాత అక్క ఒరేయ్ అంది. మఖ్సూద్‌కు కళ్లు చెమ్మగిల్లాయి. రెండు చేతులా అందుకున్నాడు.

"తొలిమంచు ముబారక్," అంది తాజా. "ఓడావు."

మూత తీస్తే లోపల కొత్త మంచు, కూరి కూరి. ఆమె వెనకాలే సమద్ కాకా, గఫార్ కూడా దిగారు. "మరి మా ఓటముల సంగతి?" అన్నాడు గఫార్.

"ఇదంతా మొదలైంది ఈ ఇంట్లోనే. అందరూ ఇక్కడే తినండి," అంది తాజా. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "నా కూతురి పెళ్లి భోజనానికి రాలేదుగా నువ్వు. ఇవాళ నువ్వు పెట్టు, నేను తింటా."

కోడి, ముల్లంగి, హాక్ ఆకుకూర అన్నీ మఖ్సూదే వండాడు. మంచులో పడ్డ నడుము పట్టేసినా రఫీఖాను గరిటె ముట్టనివ్వలేదు. అక్క పక్కన కూర్చుని వడ్డించాడు. బయట మంచు ఆగకుండా కురుస్తూనే ఉంది, దాన్ని చూసినప్పుడల్లా ఆయనకు నవ్వొస్తూనే ఉంది.

కూరలో ఉప్పు తక్కువైందన్న సంగతి తాజా మూడోసారి వడ్డించుకున్నాక చెప్పింది.