పన్ను కోసం వేరు కాపురం

పొద్దున్నే కాఫీ తాగుతూ పన్నుల పత్రం నింపేసి, గడ్డకట్టిన సరస్సు మీదికెళ్ళి మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టాలని వెర్నర్ పథకం. ఏటా దంపతులిద్దరికీ కలిపి ఒకటే పత్రం పంపడం అలవాటు. ఈ ఏడు చిక్కొచ్చి పడింది. నిరుటి నుంచి భార్య ఆర్లిస్‌కు ప్రభుత్వ పింఛను వస్తోంది.

"నీదీ ఇందులో కలపాలట. కలిపితే దాని మీదా పన్నట. హాయిగా ఉన్న ప్రాణానికి నీ పింఛనొకటి!"

"బడి వంటింట్లో నడుం విరగ్గొట్టుకుంటే వచ్చిందది. నీకెందుకయ్యా ఏడుపు?" అని ఆర్లిస్ చర్చిలో బొంతలు కుట్టడానికి వెళ్ళిపోయింది. ఆ పింఛనంటే ఆమెకెంత గర్వమో ఆ మహానుభావుడికి తట్టలేదు.

సూచనల పుస్తకంలో ఓ మూల, విడివిడిగా పత్రాలు పంపి, ఏడాదంతా వేరువేరు ఇళ్ళలో ఉన్న దంపతులకు పింఛను మీద లెక్క వేరని ఉంది. ఇంకేముంది! కాలుగాలిన పిల్లిలా గ్రంథాలయానికి పరుగెత్తాడు. అక్కడ మేవిస్ అనే పెద్దావిడ ఉచితంగా పత్రాలు నింపిపెడుతుంది.

"మేవిస్, నేనూ ఆర్లిస్సూ వేరుపడితే నాకేమన్నా కలిసొస్తుందా?"

చెవులు మందం కాబట్టి వెర్నర్‌కు గొంతు పెద్దది. పుస్తకాల బీరువాల వెనక పేజీల చప్పుడు ఆగిపోయింది.

"చూసి ఫోన్ చేస్తాలే, ముందు నువ్వు వెళ్ళు," అంది మేవిస్ సిగ్గుపడిపోతూ.

ఆ ఊళ్ళో మనిషి పోయినా, కాపురం కూలినా ఎవరూ నోరు మెదపరు. మాంసం మీద బంగాళాదుంపలు పరిచి హాట్‌డిష్ అనే వంటకం కాల్చి తెచ్చిస్తారు. వెర్నర్ ఇల్లు చేరేసరికి గుమ్మంలో ఒకటుంది. కాసేపటికి పక్కింటాయన ఇంకోటి చేతిలో పెట్టి, "ధైర్యంగా ఉండు" అని గబగబా వెళ్ళిపోయాడు. ఎవరో పోయారనుకున్నాడు వెర్నర్. వెంటనే చర్చికి ఫోన్ చేశాడు.

"ఆర్లిస్‌కేమైంది? బతికే ఉందా?"

"ఉంది. నువ్వు వేరుపడతానన్నావని ఏడుస్తోంది," అన్నాడు పాదిరి. "నీకిప్పుడు గుర్తొచ్చిందా నాయనా?"

అంతలోనే ఆర్లిస్ వచ్చి పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

"పన్ను కోసం అడిగానే బాబూ!"

"పన్ను కోసం పెళ్ళాన్ని వదిలేస్తావా? ఎవత్తెనో చూసుకుని వదిలేసినా నాకింత పరువు దక్కేది! మా చెల్లెలింటికి పోతున్నా. నా పింఛను నేనే తింటా. నీ పక్కన సంతకం పెట్టేదే లేదు, పో!"

వెర్నర్ పెట్టె మూత పట్టుకున్నాడు. "వద్దే. ఎంత పన్నయినా కడతా. నువ్వు లేని కొంపలో నేనుండలేను," అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె మెత్తబడకుండా పెట్టె మూసింది.

ఫోన్ మోగింది. ఆర్లిస్సే అందుకుంది.

"మేవిస్‌ని. మీ ఆయనతో చెప్పమ్మా, వేరుగా ఉండటమంటే జనవరి ఒకటి నుంచీ ఉండాలి. నిరుడంతా కలిసే ఉన్నారు. ఈ ఏడూ మార్చి దాకా కలిసే ఉన్నారుగా, ఇప్పుడు విడిపోయినా లెక్కలోకి రాదు. నష్టమే."

ఆర్లిస్ ఫోన్ పెట్టేసింది. తర్వాత కోటు విప్పి కొక్కేనికి తగిలించింది.

"ఇప్పుడు పోతే నష్టమేనట. డిసెంబరు దాకా ఉంటాను. కలం ఇటు తే. ముందు నా పింఛను రాయి, నీది తర్వాత."

ఆ ఊళ్ళో పాదిరి నిలబెట్టిన కాపురాలు చాలానే ఉన్నాయి. పన్నుల శాఖ నిలబెట్టింది మాత్రం ఇదొక్కటే.