ముక్కు విరిగిన పిట్టలు

చేతిపని కావాలంటూ వచ్చి చేతికే వంకలు పెట్టే పెద్దమనుషులారా, ఆ పిట్ట ముక్కు విరిగిన పాపం మీదే. మీరేమంటే దానికల్లా తలూపిన బావగారిదీను.

ఆ పొద్దున చిన్నకోడలు అనుకున్నది ఒక్కటే: తీగల మీద ఆరిన గోడకాగితాలను చుట్టలు చుట్టి పంపేయడం. వాటి మీద బొమ్మ, కొమ్మ మీద పిట్ట. ఆమె సొంతంగా చెక్కిన మొదటి చెక్క అచ్చు. ఇది నెగ్గితేనే ఇకమీద ఉలి ఆమెది. లేకపోతే మళ్ళీ జిగురు కాచుకోవాల్సిందేనని కార్ఖానా నడిపే బావగారు ముందే తేల్చేశారు.

ఆ కాగితాలు పురమాయించిన ఇంటావిడ తరఫున డిజైనరు వచ్చి, కాగితాన్ని కళ్ళజోడుకు ఆనించుకున్నాడు.

"ఇందులో ఒక్క తప్పూ లేదేంటండీ?"

"సంతోషం బాబూ," అంది చిన్నకోడలు.

"సంతోషమేంటమ్మా! అచ్చం మిషన్‌ సరుకులా ఉంది. చేత్తో చేసినట్టు తెలియొద్దూ?"

బావగారు గబుక్కున ఇటు తిరిగారు. "విన్నావుగా అమ్మాయ్, తప్పులు చెయ్యి."

"ఎలా చెయ్యను బావగారూ? చెయ్యి దానంతటదే చోటుకెళ్ళి కూర్చుంటోంది."

నిజమే. కళ్ళు మూసుకుని అద్దినా పిట్ట కొమ్మ మీదే వాలింది. రంగులు కలిపే మొగుడు ఆమె మోచెయ్యి తట్టబోయి రంగు బకెట్లో కాలు పెట్టాడు. అత్తగారిచేత అద్దిస్తే పిట్టలన్నీ తలకిందులయ్యాయి.

"ఇవి గబ్బిలాలండీ," అన్నాడు డిజైనరు. "నాక్కావాల్సింది అందమైన తప్పు."

బావగారి బుర్ర వెలిగింది. "అచ్చులోనే ముక్కు కాస్త విరగ్గొట్టెయ్. పీడా పోతుంది."

ఉలి అందుకోగానే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ముక్కు ఎంత ముద్దుగా కుదిరిందో చూశారా అత్తయ్యా?"

"చూశానే తల్లీ. అటు తిరిగి కొట్టెయ్."

కొట్టింది.

మర్నాడు ఇంటావిడ స్వయంగా వచ్చింది. కొత్త చుట్టలు ఆమె ముందు పరిచారు. "అన్ని పిట్టలకీ ముక్కు ఒకేచోట విరిగిందేంటి? మిషన్‌ది నాకొద్దు," అంటూ లేచి, మూలనున్న ముక్కు విరగని పాత చుట్టల దగ్గర ఆగింది. రెండు అద్దకాలు కలిసిన చోట కొమ్మ రంగు వెంట్రుకవాసి ముదిరింది. అక్కడ వేలు పెట్టింది. "ఇదిగో, ఇదీ చెయ్యంటే! పై గదులకూ ఇవే ఇంకొన్ని అద్దండి."

"నిన్నట్నుంచీ నేను మొత్తుకుంటున్నదీ అదే," అన్నాడు డిజైనరు.

బావగారు అచ్చు వంక చూశారు. "అమ్మాయ్, ఆ ముక్కు మళ్ళీ అతికించలేవూ?"

"కొత్త చెక్క తెప్పించండి బావగారూ. నేను పిలిచేదాకా ఎవరూ లోపలికి రాకండి."

ఇప్పుడు జరగాల్సిందీ అంతే. మంచి చెక్క ఇవాళే తెండి, తలుపు వెయ్యండి, డిజైనరుగారిని బయట నిలబెట్టండి. తప్పులెంచడం ఆయన బయట నిలబడైనా చేస్తారు.