అన్నిటికన్నా చవకైన క్లౌడ్

రాజధాని బిష్కెక్‌లో ఆ ఉదయం ఐజిరెక్ టీ తాగుతూ తనలో తానే మురిసిపోయింది. గుర్రాల మీద ఆడే కోక్‌బోరు పోటీలను ఫోన్లలో చూపించే చిన్న కంపెనీలో ఆమె ఇంజనీరు. ఆ వీడియోలను ఏ క్లౌడ్‌లో పెడితే గిట్టుబాటవుతుందో తేల్చే పని ఆమెకు అప్పగించారు. మూడు క్లౌడ్‌ల ధరలూ పోల్చి, నెల అద్దె అతి తక్కువగా ఉన్నదాన్ని ఎంచింది. మధ్యాహ్నమే దానితో ఏడాది ఒప్పందం మీద సంతకాలు.

ఒక్క పరీక్ష మిగిలింది. కొండల్లో కూడా వీడియో ఆగకుండా ఆడాలి. ఆ చవక క్లౌడ్‌లో పెట్టిన ఒక పాత పోటీ లింకును కొండల ఊరు నారిన్‌లో ఉన్న తండ్రి సాపర్‌బెక్‌కు పంపి, ఫోన్ చేసింది.

"నాన్నా, ఆడుతోందా?"

"ఆడటమేంటే తల్లీ, గుర్రం చెమట కూడా కనిపిస్తోంది! ఇదంతా నువ్వే చేశావా?"

"పెట్టింది నేనే. ఎవరికీ పంపకు, సరేనా?"

కూతురి గొప్ప దాచుకునే అలవాటు సాపర్‌బెక్‌కు లేదు. "మా అమ్మాయి చేసింది" అని రాసి బంధువుల గ్రూపులో పెట్టేశాడు. వాళ్లు తమ వియ్యాలవారికి పంపారు.

ఐజిరెక్ కిక్కిరిసిన వ్యానులో వేలాడుతూ ఆఫీసుకు వెళ్తుండగా, బిల్లు పెరుగుతోందని ఫోన్లో హెచ్చరికలు మొదలయ్యాయి. వీడియో దాచుకోవడానికి అద్దె నామమాత్రమే కానీ, ఎవరైనా చూస్తే దానికి వేరే రేటు. ఆ రేటును ఆమె లెక్కలోకే తీసుకోలేదు. వెంటనే తండ్రికి ఫోన్ చేసింది.

"నాన్నా, చూసిన ప్రతిసారీ డబ్బు పడుతుంది!"

"నీకేనా?"

"నాకు కాకపోతే ఇంకెవరికి, మా కంపెనీకే!"

"ఆ మాట ముందే చెప్పొద్దటే పిచ్చితల్లీ!" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

మరుక్షణం గ్రూపులో ఆయన గొంతు మోగింది. "చూసినప్పుడల్లా మా పిల్లకు డబ్బు వచ్చి పడుతోందట! ఖాళీగా ఉన్న ఫోన్లన్నీ తీయండి!" సొంతపిల్లను ఆదుకోకపోతే పరువేముంటుందని మేనత్తలు వంట మానేసి మరీ చూశారు. ఒక పెళ్లివారు పాటలు ఆపించి పెద్ద తెర మీద వేశారు.

ఐజిరెక్ పరుగున ఆఫీసు చేరి వీడియో తీసేసేసరికి బిల్లు నెల అద్దెను ఎప్పుడో దాటేసింది. డైరెక్టర్ గుల్‌సున్ ఒప్పందం కాగితాలతో ఎదురొచ్చింది.

"ఏమ్మా, ఆ మొహమేంటి?"

ఐజిరెక్ ఏదీ దాచకుండా చెప్పేసింది. ఉద్యోగం పోయినట్టేననుకుంది.

గుల్‌సున్ బిల్లు అందుకుని అంకె చదివింది. "మీ చుట్టాలకే ఇంతైతే, ఫైనల్ రోజు మన గతేంటి?"

"మునిగిపోతామక్కా."

ఇద్దరూ కూర్చుని, చూసేవాళ్లను కూడా కలిపి మళ్లీ లెక్క కట్టారు. ఖరీదైనదని ఐజిరెక్ అటకెక్కించిన క్లౌడే, చూసేవాళ్ల ఖర్చంతా అద్దెలోనే కలిపేసుకుని, చివరికి అన్నిటికన్నా చవకని తేలింది. గుల్‌సున్ దానికే సంతకం పెట్టి, తనే సాపర్‌బెక్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, మీ అమ్మాయి ఇవాళ మా కంపెనీని కాపాడింది."

"నాకు తెలియందేముందమ్మా!" అన్నాడాయన. పక్కనే వింటున్న ఐజిరెక్ కళ్లు తుడుచుకుంది.

సాయంత్రానికల్లా ఆ క్లౌడ్ కంపెనీని ఐజిరెక్కే కొనేసిందన్న మాట నారిన్ అంతా పాకింది. కాదని చెప్పడానికి ఆమె ఫోన్ చేయలేదు.