పొడుగు మాటకు చప్పట్ల మందు

పొడుగాటి ఇంగ్లీషు మాట ఎదురైతే అర్థం కోసం ఎందుకండీ తంటాలు? ముక్కలు చేయండి, చాలు! నమ్మకం లేకపోతే పెద్దముడియం పక్కన మా బడికి ఒకసారి రండి.

మా ఇంగ్లీషు సారు దత్తాత్రేయ గారు పొడుగు మాటను బోర్డు మీద రాసి మా చేత ముక్కలు చేయిస్తారు. ముక్కకొక చప్పట. రె-స్పాన్-సి-బి-లి-టీ! అంతే, పీరియడ్ అయిపోతుంది. జమ్మలమడుగులో చికెన్ కొట్టు నడిపే మా క్లాసు నిఖత్ వాళ్ళ నాయన కూడా కోడిని ఇంత నీటుగా ముక్కలు చేయలేడు.

నాలాంటి నోరు లేని పిల్లకు ఇది వరం కాదా? గుంపులో చప్పట్లు కొడితే చాలు, లేపి ప్రశ్నలు అడగరు. పులివెందులలో బడులకు పెట్టిన ఇంగ్లీషు మాటల పోటీలో ఫస్ట్ ప్రైజు మాదే! తిరిగి వస్తూ ప్రొద్దుటూరు బస్సులో షాపుల బోర్డులు చదువుతూ చప్పట్లు కొడితే, ఎవరో దిగాలంటున్నారనుకుని డ్రైవరు ప్రతిచోటా బ్రేకు వేశాడు. సరిగ్గా ఇంటి ముందే దిగిన ముసలమ్మలు మమ్మల్ని దీవించారు.

ఇక సేద్యానికి చేసే మేలు చూడండి. ఈమధ్య మా శనగ చేలో ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలడం మొదలైంది. ఇది పోతే ఈ ఏడు మళ్ళీ విత్తే అదను లేదు. వ్యవసాయ ఆఫీసరు వచ్చి, చూసి, "మైక్రోన్యూట్రియెంట్ డెఫిషెన్సీ" అని బండెక్కి వెళ్ళిపోయాడు.

నాయన నావైపు తిరిగాడు. "ఆయప్ప ఏందో అన్యాడే, అదేంది పాపా? నువ్వు ఇంగ్లీషు మీడియం గదా."

గట్టు మీద నిలబడి ముక్కలు చేశాను. మై-క్రో-న్యూ-ట్రి-యెంట్. డె-ఫి-షెన్-సీ. నా చప్పట్లకు చేలోని కొంగలన్నీ లేచిపోయాయి. మురిసిపోయి నాయన కూడా కొట్టాడు.

"శానా బాగుండాది. ఇంతకీ మందేం ఎయ్యాల?"

సారును అడిగి చెప్తానన్నాను.

మరునాడు క్లాసులో మొదటిసారి నా అంతట నేను లేచాను. ఆఫీసరు అన్న మాట చెప్పి, "దీని మీనింగ్ ఏంది సార్?" అని అడిగాను.

సారు ముఖం వెలిగిపోయింది.

"మీనింగ్. మంచి మాట పట్టినావమ్మా. ఎన్ని ముక్కలురా?"

క్లాసంతా రెండు చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

అయ్యా, అమ్మా! మీలో ఎవరికైనా ఆఫీసరు మాటకు అర్థం తెలిస్తే, ముక్కలు చేయకుండా, తెలుగులో ఒక్కసారి చెప్పండి. చేను ఇంకా సగం ఆకుపచ్చగానే ఉంది.