నిమిషానికి మూడు సెకన్లు

ఆ శుక్రవారం మౌనిబాబు పథకం చిన్నది: ఎవరూ రాకముందే తన తప్పు దిద్దేసి, ఏమీ ఎరగనట్టు టీ తాగడం. మాట పొదుపు వల్ల ఆఫీసు పెట్టిన పేరది.

గదులకు తనే నెంబర్లిచ్చి, ఏ గదిలో ఎంత ఇంటర్నెట్ వాడారో నిమిషానికోసారి నమోదు చేసే ప్రోగ్రాం అతనిదే. ఒక నమోదుకు మూడు సెకన్లు పడుతుంది. అవి గడిచాకే అది తర్వాతి నిమిషం లెక్కపెట్టడం మొదలుపెడుతోంది. గడియారం వంక చూడదు. తొమ్మిదికి మొదలైతే ఒంటిగంటకల్లా దాదాపు పన్నెండు నిమిషాలు వెనకబడుతోంది. దాంతో ఒంటిగంట నుంచి రెండు దాకా ఉండే భోజన విరామం మొదట్లోనే ఉత్తరాల విభాగం పిన్నిగారు మంచం పట్టిన భర్తకు చేసే వీడియో కాల్ జాబితాలో పన్నెండూ నలభై ఎనిమిదికి పడుతోంది. పనివేళలో కబుర్లా అని మేనేజరు ఆవిణ్ణి గోదాముకి బదిలీ చేశాడు. ఆ రోజే వెళ్ళాలి. అక్కడ సిగ్నల్ ఉండదు.

తప్పు ఒప్పుకోవడం కన్నా చెరిపేయడం గౌరవమని మౌనిబాబు తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. టైమర్‌ని అసలు గడియారానికి కట్టాడు. ఎప్పటినుంచి లెక్కించాలో చెప్పడం మరిచాడు. అది నెలలుగా తప్పిపోయిన నిమిషాలన్నీ ఒక్కసారిగా రాయసాగి, అందరూ ఆఫీసుకు వచ్చేసినా ఆగలేదు. పరుగులు తీస్తున్న అంకెలు చూసి, దొంగలెవరో చొరబడ్డారనుకుని మేనేజరు ప్రధాన వైరు పీకేశాడు. పనులాగి అందరూ వరండాలోకి వచ్చారు. తనను సాగనంపడానికే వచ్చారనుకున్న పిన్నిగారి కళ్ళు చెమర్చాయి.

"ఇన్నేళ్ళూ బాగా చూసుకున్నారు నాయనా. ఇంత మంది వస్తారనుకోలేదు," అంది, మౌనిబాబు చెయ్యి పట్టుకుని.

ఆ చెయ్యి విడిపించుకోవడం అతనివల్ల కాలేదు.

"ఆవిడ తప్పేం లేదు సార్. వెనకబడింది నా ప్రోగ్రాం."

మేనేజరు చేతిలోని వైరు కింద పెట్టాడు. "అయితే ఈ వారం జాబితా మొత్తం దిద్దు. అందరి ముందూ నేనే చదువుతా. ఎవరి తప్పయినా తప్పే."

గంటలో వైరు మళ్ళీ తగిలించారు, జాబితా తయారైంది. పిన్నిగారి నాలుగో నెంబరు గది కాల్స్ అన్నీ భోజన విరామంలోకి జరిగాయి. బదిలీ రద్దని ప్రకటించి, ఆ ఊపులోనే మేనేజరు కిందికి చదివాడు. ఏడో నెంబరు గదిలో రోజూ రెండుకి ఐదు నిమిషాల ముందే ముగుస్తున్న ఇంటర్నెట్ చదరంగం, ఇప్పుడు రెండూ పదికి ముగుస్తోంది.

"ఎవరయ్యా ఈ ఏడో నెంబరు?"

నిజం చెబితే గుండె ఎంత తేలికవుతుందో మౌనిబాబుకు ఆ పొద్దుటే తెలిసింది.

"మీరే సార్."

సోమవారం నుంచి భోజన విరామం రెండుంపావు దాకా అని నోటీసు అంటించారు.